పది తరువాత తొమ్మిది

కొత్త కౌన్సిలర్‌కి పెళ్ళయి నలభై రోజులు, ఉద్యోగంలో చేరి ముప్ఫై. ఈ రెండింటిలో ఏది తలుచుకున్నా ఆమె ముఖం వెలిగిపోతుందని మత్తు మాన్పించే ఆ ఆసుపత్రిలో అందరూ ఆటపట్టిస్తుంటారు. ఆ మధ్యాహ్నం మాత్రం వెలుగు లేదు. అరచేతుల నిండా చెమట.

ఎదుటి కుర్చీలో పదహారేళ్ళ పిల్ల. ఇలా కనిపించి అలా మాయమవుతుందని అక్కడందరూ ఆమెను మెరుపు అంటారు. క్లాసులో లేచి నిలబడాలంటే చాలు, ఆ పిల్లకు గుండెదడ, ఊపిరాడనంత భయం. రెండేళ్ళ క్రితం స్నేహితురాలెవరో ఆ భయానికి మందని ఒక మత్తుబిళ్ళ ఇచ్చింది. ఆ తరువాత బిళ్ళ లేకపోతే ఎలా అన్నదే పెద్ద భయమైపోయింది. పెద్ద డాక్టరమ్మ నెలల తరబడి మోతాదు తగ్గిస్తూ వచ్చి మానిపించింది. ఒంట్లోంచి మత్తు పోయింది గానీ మనసు దాన్ని వదల్లేదు. ఈ గదిలో బిళ్ళ కావాలన్న కోరిక రేగిన మూడుసార్లూ పిల్ల లేచి పారిపోయింది. ఈసారీ పారిపోతే, ఇంటినుంచి వచ్చిపోయే ఈ చికిత్స ఆపి, తలుపులకు తాళాలుండే పెద్దాసుపత్రికి పంపడమే.

"కోరికతో కుస్తీ పట్టకూడదు, చూస్తూ కూర్చోవాలి" అని పొద్దున్నే పాఠం చెప్పింది పెద్ద డాక్టరమ్మ. "రెండు నిమిషాలకోసారి ఎంతుందని అడుగు. సున్నా నుంచి పది దాకా ఏ అంకె చెబితే అక్కడ గళ్ళకాగితం మీద చుక్క పెట్టు. అంతకు మించి నోరు తెరవకు. ధైర్యం చెప్పొద్దు, మెచ్చుకోవద్దు. తలుపుకు అడ్డం అసలే పోవద్దు."

ఆ చివరి మాట పిల్ల తల్లి కోసం కూడా. తల్లి బట్టలు కుట్టే మనిషి. కూతురు లేచిన ప్రతిసారీ పరుగున వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడేది; పిల్ల ఆమెను నెట్టుకుని వెళ్ళిపోయేది. చేతులు ఊరుకోవు కాబట్టి ఈసారి పని తెచ్చుకోమన్నారు. తలుపు పక్కన కుర్చీలో, ఎవరిదో ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని, కాలి అంచు మడిచి కుడుతోంది.

ముందు మెరుపు లేచి నిలబడి, క్లాసులోలాగా పుస్తకంలోని పేజీ ఒకటి గట్టిగా చదవాలి. కోరిక రేగేది అక్కడే. చదివింది. చివరి వాక్యాలు గబగబా మింగేసింది.

"ఎంత?"

"నాలుగు." కూర్చుంది. "ఏంటక్కా, ఉంగరం అలా తిప్పుతున్నారు? బావగారు గుర్తొచ్చారా?"

కౌన్సిలర్ గబుక్కున చేతులు బల్ల కిందికి లాక్కుంది. తల్లి వంచిన తల ఎత్తకుండానే, "నోరు చూడు దీనికి!" అంది.

"ఎంత?"

"ఆరు."

ఆ తరువాత హాస్యాలు ఆగిపోయాయి. ఎనిమిది అన్నప్పుడు పిల్ల మోకాళ్ళు ఆడుతున్నాయి. తొమ్మిది అన్నప్పుడు పెదవి కొరుక్కుంటోంది. గోడ గడియారం చప్పుడు, సూది బట్టలోంచి దూరి వచ్చే చప్పుడు. కౌన్సిలర్ మనసు కరిగిపోయింది. నోరు జారింది.

"చాలా బాగా చేస్తున్నావమ్మా!"

మెరుపు చివ్వున లేచింది. "ఏం బాగుంది? లోపల చచ్చిపోతున్నా! మీకేం తెలుసు?" రెండంగల్లో తలుపు దగ్గరుంది. చెయ్యి గడియ మీద.

కౌన్సిలర్ నాలుక కరుచుకుంది. చెడగొట్టింది తనే. తల్లి లేచింది. అయిపోయింది, ఇక పెనుగులాటే అనుకుంది కౌన్సిలర్. కానీ తల్లి తన కుర్చీని బరబరా వెనక్కి లాగి దారి ఖాళీ చేసి, మళ్ళీ కూర్చుంది. ప్యాంటు తీసి సూది గుచ్చింది. చూపు మాత్రం కూతురి వీపు మీదే.

"ఎంతే, ఇప్పుడు?" అంది, రోజూ వీధిలోంచి వచ్చే కూతుర్ని టైమెంతయిందని అడిగినట్టు.

పిల్ల వెనక్కి తిరగలేదు. "పది."

చుక్క పడింది. గడియ తెరుచుకుంది. వరండాలోని గాలి లోపలికి వచ్చింది. పిల్ల గుమ్మంలో నిలబడింది. బయట ఎవరూ లేరు, ఆపేవాళ్ళసలే లేరు.

"ఎంతమ్మా?" అంది కౌన్సిలర్.

"పదే."

మళ్ళీ రెండు నిమిషాలు.

"తొమ్మిది" అంది పిల్ల. ఆ మాట తనకే కొత్తగా వినిపించినట్టు తల తిప్పి చూసింది. "ఆగండి... ఎనిమిదేమో."

ఏడు. అయిదు. పిల్ల వచ్చి కాగితం మీదికి వంగింది. చుక్కలు ఎక్కినంత దూరం ఎక్కి, శిఖరం మీద కాసేపు ఆగి, అవతలివైపుకు దిగుతున్నాయి. దిగేవైపు మీద వేలు పెట్టింది.

"నేనేం వేసుకోలేదు కదా?"

"లేదు."

"ఏం చెయ్యలేదు కూడా. అదంతట అదే దిగిందా?"

"అదంతట అదే."

"ఎప్పుడూ పై దాకా వచ్చాక బిళ్ళ వేసేసుకునేదాన్నక్కా. ఇటుపక్క ఒకటుందని నాకు తెలీనే తెలీదు."

కౌన్సిలర్ ఈ సంగతి మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. కళ్ళెదుట ఒక మనిషిలో అది జరగడం ఇదే మొదలు. సముద్రాన్ని మొదటిసారి చూసిన రోజున ఇలాగే కళ్ళు విప్పార్చుకుని చూస్తూ ఉండిపోయింది ఆమె. బొమ్మ గీయడం కూడా రాని తన చేతిలోని పెన్సిలుముక్క, ఎవరూ చూడని కొండ అవతలివైపును గీసిందా!

"అయ్యో రాత!" అంది తల్లి ఉన్నట్టుండి.

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. తల్లి ప్యాంటు పైకెత్తింది. ఇంతసేపూ పళ్ళబిగువున కుట్టిన ఆ కాలు అడుగున సంచిలా మూసుకుపోయింది.

"ఇందులోంచి పాదం ఎట్లా వస్తుందమ్మా?" అంది మెరుపు. అని, పకపకా నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వు విన్నవాళ్ళు అంతవరకూ లేరు.

"నవ్వవే నవ్వు. నా గుండె ఎక్కడుందో నాకు తెలుసా అప్పుడు?" అంటూ తల్లి కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

మెరుపు ఆమె పక్కన కూర్చుని ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది. సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ జాగ్రత్తగా విప్పడం మొదలుపెట్టింది. తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. రెండు నిమిషాలయింది. కౌన్సిలర్ పెన్సిలు పట్టుకుంది.

"ఎంత?"

"ఉండక్కా" అంది పిల్ల తలెత్తకుండా. "పనిలో ఉన్నా."