గళ్ళట్లు

బొగ్గులు ఎర్రబడే వేళకి బాలాంబ కుంపటి మీది ఇనప పెనాన్ని ఒకసారి తిరగేసింది. పుస్తకంలా తెరుచుకుని మూసుకునే ఆ పెనం లోపలంతా చదరపు గళ్ళు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, బ్యాంకు ఏజెంటు సోమసుందరం బొంబాయి నుంచి నర్సీపట్నం బదిలీ అయి వస్తూ తెచ్చుకున్న సామాన్లలో అదొకటి. అందులో కాల్చినవాటిని ఆయన భార్య లలితాంబ వాఫిల్స్ అంటుంది, బాలాంబ గళ్ళట్లు అంటుంది. ఆ ఇంట్లో ఆదివారం పొద్దున్న టిఫిన్ అవే.

బాలాంబ ఆ ఇంటి వంటావిడ. అరవై దాటిన సన్నటి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు, పొగకి ఎప్పుడూ ఎర్రగా ఉండే కళ్ళు. మొగుడు చనిపోయిన ఏడాది పట్టుకున్న గరిటె మళ్ళీ దించలేదు. ఏజెంటుగారి పెరటి గదిలోనే ఆవిడ కాపురం. ఊళ్ళో ఎవరింట ఆబ్దికం వచ్చినా భోక్తల కంటే ముందు ఆవిడకే కబురు వెళ్ళేది. పితృదేవతలకి వండేది ఎంగిలి కాకూడదు కనక దేన్నీ నాలిక మీద వేసుకోదు. గిన్నె మీదకి వంగి ఆవిరి పీల్చి, ఉప్పు చాలిందో లేదో చెప్పేస్తుంది. బతుకులో ఆవిడ గొప్పగా చెప్పుకునేది ఆ ముక్కు ఒక్కటే.

గళ్ళట్ల పిండి కలిపేదీ ఆవిడే. మైదా, పాలు, పంచదార, వెన్న. ఆఖర్న లలితాంబ పడగ్గదిలోంచి ఒక గ్లాసు తెచ్చి పచ్చటిదేదో అందులో పోసి, కస్టర్డు అంటుంది. పనిమనిషి దేవుడమ్మ కొంగుచాటున తెచ్చే గుడ్లు, గదిలో చెంచా టకటకలు, వెనిలా ఎసెన్సుని తోసుకుని పైకొచ్చే నీచు. మొదటి ఆదివారమే బాలాంబకి తెలిసిపోయింది. అడిగితే గదీ పోతుంది, పరువూ పోతుంది. నోరు కుట్టేసుకుని, పనయ్యాక నూతి దగ్గర తలారా నీళ్ళు పోసుకుని సరిపెట్టుకుంది. తర్వాత ప్రతి ఆదివారమూ అంతే.

ఈ ఆదివారం టిఫినుకి ప్లీడరు నారాయణమూర్తి, ఆయన భార్య అలివేలుమంగ వచ్చారు. మర్నాడు ప్లీడరుగారి తండ్రి ఆబ్దికం. వంట ఏటా బాలాంబదే. ఆబ్దికం ముందురోజు, అది పెట్టే కర్త పరాయింటి అన్నం ముట్టకూడదు. ఇది అన్నం కాదు, టిఫినే కదా అని ప్లీడరు పాయింటు తీసి, మన్యం తేనె పోసుకుని మూడు తిన్నాడు. అలివేలుమంగ రెండు తిని, ఇంత గుల్లగా ఎలా వచ్చాయని అడిగింది.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు లలితాంబ పకపకా నవ్వింది. గుడ్డు వేస్తామని, అది కస్టర్డని నమ్మించి మడి వంటావిడ చేతే కలిపిస్తున్నామని చెప్పింది. వంటింట్లోకి వినబడేటట్టే చెప్పింది. మగాళ్ళిద్దరూ నవ్వారు. అలివేలుమంగ మాత్రం లేచి వంటింటి గుమ్మం దగ్గరకి వచ్చింది. కాస్త జాలి ఉన్న మనిషే. తెలియక ముట్టుకుంటే దోషం లేదంది.

"మీకు తెలీదు కదండీ, బాలాంబగారూ? తెలీదని ఒక్కమాట అనీండి, చాలు."

బాలాంబ నోరు తెరిచింది. తెలీదనడానికే తెరిచింది. ఈలోగా వెనకనుంచి లలితాంబ అందుకుంది.

"ఆవిడకెలా తెలుస్తుందండీ? ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. కిరసనాయిలు పోసినా కలిపీస్తుంది."

ఇన్నాళ్ళూ అన్నీ పడ్డ మనిషి ఆ మాట పడలేకపోయింది. పెనంలో అట్టు ఎర్రబడిన వాసన తగిలి, తీసి పళ్ళెంలో పెట్టింది.

"తెలుసమ్మా. మొదటి ఆదివారమే తెలుసు. ఇవాళ వేసినవాటిల్లో ఒకటి నిలవ గుడ్డు. మీకెవరికీ వాసన రాలేదా?"

అలివేలుమంగ మొహం ముడుచుకుంది. రేపు రావద్దని, రావికమతం నుంచి ఇంకొకర్ని పిలిపించుకుంటామని చెప్పింది.

"మీరూ తిన్నారు కదమ్మా," అంది బాలాంబ.

"తినేవాళ్ళకి మడేవిటండీ, వండేవాళ్ళకి గాని," అంది అలివేలుమంగ, పెదవి మీది తేనె తుడుచుకుంటూ.

సాయంత్రానికి, పైవారం ఆబ్దికం ఉన్న యాజులుగారింటి నుంచీ వంటకి వద్దని కబురొచ్చింది. గుడ్డు తిన్నవాళ్ళ పేర్లు ఊళ్ళోకి పోలేదు. కలిపినావిడ పేరే పోయింది. రాత్రికి ఉప్మా చెయ్యమంది లలితాంబ, ఏమీ జరగనట్టే. బాలాంబ చేసింది. ముక్కు నిలబెట్టుకోబోయి మొహం పోగొట్టుకున్నానే అని తనని తనే తిట్టుకుంది. ఏడుపు మాత్రం రాలేదు.

తెల్లారి దేవుడమ్మ వచ్చేసరికి పెరటి గది తలుపు తీసే ఉంది.

"నానొచ్చే దార్లో అవుపడ్డారండి, తుని బస్సెక్కి ఎలిపోనారండి," అంది లలితాంబతో. "ఎక్కడికండీ అంటే సెప్పనేదు."

కుంపటి ఇంకా ముట్టించలేదని లలితాంబ విసుక్కుంది. పెరట్లో, ఎవరి చెయ్యీ తగలకుండా ఎత్తుగా కట్టిన దండెం మీద బాలాంబ మడిచీర ఆరేసి ఉంది. లలితాంబ దాన్ని కర్రతో దించి, వేడి పెనం పట్టుకోవడానికి పనికొస్తుందని రెండుగా చింపింది. చీర ఇంకా తడిగానే ఉంది.