పాటలో ముందు సగం

కాలరు ముందు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. ఆ వరసలో చొక్కా మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తూ ఆవిరక్క నోట్లో నోట్లోనే పాడుకుంటోంది. లాండ్రీలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పొద్దస్తమానం ఆవిరి మధ్య నిలబడే మనిషికి వేరే పేరెందుకని కాబోలు. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు, చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు. ఆమెకు వచ్చిన పాట ఒక్కటే. అదీ సగమే.

ఆ పాట ఎక్కాల క్యాసెట్‌లో దొరికింది. చిన్నప్పుడు లెక్కలంటే ఆమె గుండెల్లో రాయి పడేది. తల్లి లేని పిల్ల. తండ్రికేమో బస్సు డిపోలో టైర్ల పని, కూర్చోబెట్టి చెప్పే తీరిక లేదు. అందుకని ఒక పాత క్యాసెట్ మీద తన గొంతుతో ఎక్కాలన్నీ రికార్డు చేసి ఇచ్చాడు. గరగరమనే గొంతు, మాటకూ మాటకూ మధ్య సైకిలు గొలుసు జారినట్టు ఆగేది. "ఇరవై ఇరవైలు నాలుగు వందలు" అన్నాక టక్కుమని ఒక చప్పుడు. పిల్ల టేపు ఆపడం మర్చిపోయింది. అంతే, ఇల్లు కూలినట్టు డ్రమ్ములు, వాటి మీద గిటారు, ఆ రెంటినీ తోసుకుంటూ ఒక కుర్రాడి గొంతు:

"ఎగిరిపోయిందిరా, మేడలు దాటి ఎగిరిపోయింది,
ఎవరి వీపున వాలిందో, ఎవరి వానకు తడిసిందో!"

పిల్ల మంచం మీద బిగుసుకుపోయింది. రేడియోలో పాడేవాళ్ళందరూ చక్కగా తల దువ్వుకుని వచ్చినట్టుంటారు. ఇతనేమో నిద్రలేచి అలాగే వీధిలోకి పరుగెత్తుకొచ్చాడు. భయమేసింది. మళ్ళీ వినాలనిపించింది. టేపును ముందుకు పరుగెత్తించే బటను విరిగిపోయింది కాబట్టి, పాట కావాలంటే ప్రతిసారీ ఎక్కాలన్నీ వినాల్సిందే. ఆ దెబ్బకు లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చింది.

"నాన్నా, ఎవరు పాడారు?" అని అడిగితే ఆయన తల కూడా ఎత్తలేదు.

"ఎవరో పనీపాటా లేనివాళ్ళులే."

ఎగిరిపోయింది ఏమిటన్నది ముందు సగంలో ఉండి ఉంటుంది. అది ఎక్కాల కింద పూడుకుపోయింది. పిట్టా? గాలిపటమా? క్యాసెట్ తెగిపోయి ఏళ్ళయినా ఆమెకు ఆ దురద తీరలేదు.

మధ్యాహ్నం ఒక పెద్దమనిషి నల్లకోటు తెచ్చాడు. "మనవరాలి పెళ్ళమ్మా, ముడత కనిపించకూడదు" అని బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె కోటు పరిచి, అలవాటు కొద్దీ పాట ఎత్తుకుంది. కాసేపటికి ఆయన వేళ్ళు బల్ల మీద దరువు వేయసాగాయి. అచ్చంగా క్యాసెట్‌లోని దరువు, ఒక్క దెబ్బ తప్పలేదు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"ఆ పాట నీకెలా తెలుసు?" ఆయన లేచి నిలబడ్డాడు.

"చిన్నప్పుడు క్యాసెట్‌లో విన్నానండీ."

"ఏ క్యాసెట్టు? మేమది బయటెక్కడా పాడలేదు. నలుగురం కలిసి ఒక షెడ్డులో రికార్డు చేశాం, ఉన్నది ఒక్కటే. పాడినవాడు పట్టుకుపోయాడు. పెళ్ళాం పోయింది, చంటిపిల్లుంది, ఇక నావల్ల కాదన్నాడు. బస్సు డిపోలో చేరాడని విన్నాను."

ఇస్త్రీపెట్టె కోటు మీదే ఉండిపోయింది. బట్ట మాడిన వాసనకు ఉలిక్కిపడి ఎత్తేసరికి, కుడి భుజం మీద గోధుమరంగు మచ్చ తేలింది. ఇన్నేళ్ళ పనిలో ఆమె చేతిలో ఒక్క బట్టా మాడలేదు.

"కోటు పోతే పోయిందమ్మా. వాడున్నాడా?"

"ఉన్నాడు. మా నాన్నే." తన మాట తనకే ఎవరో అన్నట్టు వినిపించింది. "మరి ఎగిరిపోయింది ఏంటండీ? ముందు ముక్కలో ఏముంది?"

"మాటలు వాడివి. డ్రమ్ముల వెనక కూర్చున్నవాడికి మాటలెక్కడ వినపడతాయి? వాణ్ణే అడుగు. రేపు నేనూ వస్తానని చెప్పు."

ఆమె ఇంటిదారి పట్టింది. ఆ గరగర గొంతుకూ ఆ కుర్రాడి గొంతుకూ ఎంత పోల్చుకున్నా పొంతన కుదరడం లేదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఒక్క పూటైనా కూనిరాగం తీయని మనిషి! తన పాట మీద తనే ఎక్కాలు చదివాడు. వేరే క్యాసెట్ దొరకకనా, మర్చిపోదామనా? కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ముసలాణ్ణి కదలనివ్వకుండా కూర్చోబెట్టి మొత్తం పాడించాలని హుషారూ వచ్చింది.

గుమ్మంలో పక్కింటి పిన్ని నిలబడి ఉంది.

"కునుకు తీస్తున్నాడనుకున్నానే తల్లీ. పిలిస్తే పలకలేదు. ఇప్పుడే చూశాను."

తండ్రి కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. తల ఓ పక్కకు వాలింది. చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఎదురుగా నేల మీద కూలబడి, దారి పొడవునా నోట్లో పెట్టుకొచ్చిన మాట అనేసింది.

"నాన్నా, ఎగిరిపోయింది ఏంటి?"

పిల్లకు మతి పోయిందనుకుని పిన్ని భుజం పట్టుకుంది. "లే అమ్మా."

"ఉండు పిన్నీ, చెప్పనీ."

ఆయన చెప్పలేదు. కిటికీ గట్టు మీద స్టీలు పళ్ళెంలో వలిచిన నారింజ ఉంది. తన సగం తినేశాడు. కూతురి కోసం ఉంచిన సగంలో ఒక్కో తొనకూ తెల్ల పీచంతా ఓపిగ్గా తీసేసి ఉంది.