బావ ఏం మానేశాడు?

ఆ ప్రెస్సులో ఆయన్ని అందరూ బావ అనే పిలుస్తారు. బైండింగ్ సెక్షన్లో ఉన్న బావమరిది మొదలుపెట్టిన పిలుపు అది. ఫోర్‌మన్ దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా పాకిపోయింది. బావ పని కటింగ్ మిషను మీద. రెండు చేతులతో రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కితే తప్ప కత్తి దిగదు. దిగిందా, జానెడు మందం కాగితం వెన్నముద్దలా తెగుతుంది. అవతల కాగితం సర్దేవాడి వేలు అడ్డం వచ్చినా అంతే.

అందుకే ఆ ఉదయం బావ చేతులు వణకడం చూసి ఫోర్‌మన్ పరుగున వచ్చి మిషను ఆపేశాడు.

"ఏంటి బావా, ఆ చేతులేంటి? ఆ చెమటలేంటి?"

బావ మందు మానేసి వారం కూడా కాలేదు. డాక్టరు మాత్రలిచ్చాడు గానీ ఒళ్ళు మాట వినడం లేదు, కంటి మీద కునుకు లేదు. కానీ ఆ మాట నోరు తెరిచి చెప్పేదెలా? ఇంతకుముందు ఈ మిషను నడిపినవాడు తాగుతాడని తెలిసిన పూటే ఫోర్‌మన్ వాణ్ణి మెడ పట్టి గేటు దాటించాడు. ఇప్పటికీ వాడి ఊసొస్తే 'ఆ తాగుబోతు వెధవ' అంటాడే తప్ప పేరెత్తడు. ఎందుకు తాగాడని గానీ, మానడానికి ఏమన్నా చేశాడా అని గానీ అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

"సిగరెట్లు మానేశానండీ," అనేశాడు బావ.

అబ్బో, ఇక చూడాలి! ఫోర్‌మన్ అన్నగారు పొగ తాగీ తాగీ ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అప్పట్నుంచీ ఎవరైనా సిగరెట్ మానతానంటే ఆయనకి కన్నకొడుకు కంటే ఎక్కువ. బావని పట్టుకుని కావలించుకున్నాడు. చేతులు కుదుటపడేదాకా కత్తి దగ్గరికి వెళ్ళొద్దని, కాగితం లెక్క చూసుకోమని పక్కన కూర్చోబెట్టాడు. మిషను తాళం మాత్రం బావ జేబులోనే ఉంచమన్నాడు. "ఇది నీదే బావా, ఎక్కడికీ పోదు. నిదానంగా రా," అన్నాడు.

బైండింగ్ సెక్షన్లో పనిచేసే, అందరూ బైండింగక్క అని పిలిచే ఆవిడ పిప్పరమెంట్లు పొట్లం కట్టి తెచ్చింది. వాచ్‌మన్ రోజూ గేటు దగ్గర ఆపి "ఎలా ఉంది బావా, లాగేస్తోందా?" అని అడిగేవాడు. చిరాకుపడి ఎవరినైనా కసిరితే, పాపం మానేసినవాడికి అలాగే ఉంటుందిలే అని వాళ్ళే సర్దిచెప్పుకునేవారు. అసలు బావ టీతో పాటు ఒకటీ అరా కాల్చే రకం. ఇప్పుడు ఆ ఒక్కటీ కాల్చే యోగం లేకుండా పోయింది, ఊరంతా కాపలా! గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

అయినా నిజం చెప్పాలంటే, ఆ అబద్ధమే బావని నిలబెట్టింది. వాళ్ళు అడిగిన ప్రతిసారీ "లాగేస్తోంది" అని ఆయన చెప్పింది అక్షరాలా నిజం. దేన్ని గురించో మాత్రం చెప్పలేదు, అంతే.

ఇంట్లో ఆ ఊరటా లేదు. "ఇంకొక్కసారి మీ దగ్గర ఆ వాసనొచ్చిందా, పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. వెతుక్కోవడానికి కూడా దొరకను," అని తెగేసి చెప్పింది భార్య. అన్నంత పనీ చేసే మనిషి. పెట్టె సర్దే ఉంచింది కూడా. ఆమె పెట్టిన షరతు ఇంకొకటుంది: ఈ సంగతి తమ్ముడికి తెలియకూడదు. "నా మొగుడు తాగుబోతని పుట్టింటివాళ్ళ దగ్గర తల దించుకోలేను" అంది. తమ్ముడేమో ఇవేవీ తెలియక, "మా బావ సిగరెట్ మానేశాడు" అని కనబడ్డవాడికల్లా చెప్పుకుని మురిసిపోతున్నాడు.

చేతులు కుదుటపడ్డాయి. బావ మళ్ళీ మిషనెక్కాడు. నెల తిరిగింది.

ఆ శనివారం సాయంత్రం మిషన్లు ఆగాక చేతులు కడుక్కుని బయల్దేరబోతుంటే బావమరిది వచ్చి భుజం మీద చెయ్యేసి వెనక్కి లాక్కొచ్చాడు. బైండింగ్ బల్ల ఖాళీ చేసి దాని మీద పాత పోస్టరు పరిచారు. మధ్యలో సీసా. ఖరీదైనదే. చుట్టూ గ్లాసులు.

"నేనే కొన్నా బావా! నెల రోజులు గెలిచావు, ఇవాళ పండగ చేసుకోవాలా వద్దా?"

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఫోర్‌మన్ తనే గ్లాసులో పోసి చేతిలో పెట్టాడు. ఆ వాసన ముక్కుకి తగలగానే బావకి కడుపులోంచి ఏదో చెయ్యి పైకి లేచినట్టయింది.

"కడుపులో బాలేదండీ," అన్నాడు.

"దీనికి మించిన మందేముంది?" అని నవ్వారు.

"మాత్రలు వేసుకుంటున్నా..."

"ఒక్క గుక్కకి ఏం కాదులే బావా, ఆడపిల్లలా ఆ సిగ్గేంటి!" అంది బైండింగక్క, తనే ఆడదై ఉండి. "ఇదేమన్నా సిగరెట్టా? సిగరెట్టయితే ఇచ్చినవాడి చెయ్యి విరిచేద్దును," అన్నాడు ఫోర్‌మన్. బావమరిది మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. "నేను కొన్నానని తాగవా బావా?"

తాగితే ఇంట్లో పిల్ల ఉండదు. చెబితే చేతిలో మిషను ఉండదు, భార్యకిచ్చిన మాటా ఉండదు. గ్లాసు పెదాల దాకా వచ్చింది. మీసం తడిసింది కూడా. ఒక్క గుక్కతో తనకి ఆగదని ఈ గదిలో తెలిసినవాడు తనొక్కడే. ఆ సంగతి తలుచుకోగానే ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. గ్లాసు బల్ల మీద పెట్టేసి మీసం గట్టిగా తుడుచుకున్నాడు.

"నేను మానేసింది సిగరెట్టు కాదు. ఇదే."

ఎవరో కిసుక్కున నవ్వారు. బావ మొహం చూసి ఆపేశారు.

"నేను తాగుబోతునండీ. రోజూ రాత్రి పడిపోయేదాకా తాగేవాణ్ణి. ఈ నెల్లాళ్ళూ ముట్టుకోలేదు. మీరంతా తోడున్నారు కాబట్టే ఉండగలిగాను," అని చేతులు జోడించాడు.

బైండింగక్క కొంగు సర్దుకుని ఒక అడుగు పక్కకి జరిగింది. నిన్నటిదాకా వీపు తట్టిన మనుషులు ఎటో చూస్తున్నారు. ఫోర్‌మన్ మొహం జేవురించింది.

"అంటే ఇన్నేళ్ళూ తాగుబోతునా నేను ఆ కత్తి దగ్గర నిలబెట్టింది?"

"మిషను దగ్గరికి ఎప్పుడూ తాగి రాలేదండీ."

"తాగుబోతు మాటకి విలువేంట్రా?"

బావా అన్న నోటితోనే రా అన్నాడు. చెయ్యి చాపాడు. బావ జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. "బుద్ధి లేకపోతే సరి నాకు," అని గొణుక్కుంటూ ఫోర్‌మన్ బల్ల మీది గ్లాసందుకున్నాడు. బావ వదిలేసిన గ్లాసే అది. గడగడా తాగేసి ఖాళీ గ్లాసు బోర్లించాడు.

బావ బయటికొచ్చేశాడు. గేటు దాటేలోపు బావమరిది వెనకాలే వచ్చాడు, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. అప్పటికే అక్కకి అంతా చెప్పేసినట్టున్నాడు. మాట్లాడకుండా ఫోను బావ చేతిలో పెట్టాడు.

"తాగారా?" అంది ఆమె.

"లేదు."

"నిజంగా?"

"పిల్ల మీద ఒట్టు. మిషను పోయింది. వాడికీ తెలిసిపోయింది. నీ మాట నిలబెట్టలేకపోయాను."

అవతల ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"మిషను పోతే పోనీండి. ఫోను వాడికివ్వండి."

వాడు తీసుకున్నాడు. ఆమె గొంతు బయటికి వినబడేంత గట్టిగా లేచింది.

"నీ చేత్తోనే కొని తెచ్చావట్రా?"

"నాకు తెలీదక్కా! తెలిస్తే..."

"తెలిస్తే ఏం చేసేవాడివి? ఆ పిప్పరమెంట్లు ఇచ్చేవాళ్ళా మీరంతా? రోజూ గేటు దగ్గర ఆపి ఎలా ఉన్నావని అడిగేవాళ్ళా? చెప్పు."

వాడు బావ మొహంలోకి చూడలేక తల వంచుకుని, ఫోను అలాగే చెవికి పెట్టుకుని నిలబడ్డాడు.