ఐదించుల బండ

ఛత్రినాకలో పాలమ్మే బాలనర్సింహకు ఉన్నవి నాలుగు బర్రెలు. కుళ్ళు మాత్రం పది బర్రెలంత.

పక్కింటి జగదీశ్వర్ బస్సు డిపోలో మెకానిక్. సెలవు పెట్టి, సొంత చేతులతో వంటింట్లో పొయ్యి పెట్టుకునే కాంక్రీటు బండ పోసుకున్నాడు. బాలనర్సింహ భార్య కాశమ్మ అది చూసొచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే పాట.

“ఎంత మందమున్నదయ్యా! అద్దం లెక్క మెరుస్తున్నది. జగదీశన్న చేతుల ఏమున్నదో గని!”

పెళ్లయి ఇరవై ఏళ్లైనా తన చేతుల గురించి ఒక్క మాట అనని మనిషి! బాలనర్సింహకు తాగే చాయ్ చేదెక్కింది.

మర్నాడు పాలు పోసే వంకతో పక్కింటి వంటింట్లో దూరాడు. చెంబు కింద పెడుతున్నట్టు వంగి, జేబులోంచి టేపు తీసి బండ ముందంచుకు పట్టాడు. నాలుగించులు! అయితే మనది ఐదు.

వాకిట్లో ప్లాస్టిక్ పట్టా పరిచి, చెక్కలు బిగించి, చువ్వలు పేర్చి, ఐదించుల మందాన కాంక్రీటు పోశాడు.

“గింత మందమెందుకయ్యా? గోడ గడ్తున్నవా?” అంది కాశమ్మ.

“నీకెర్క లేదు, నువ్వూకో.”

పది రోజులు నీళ్లు పట్టి, చెక్కలు ఊడదీసి, వంటింట్లోకి మోయడానికి నలుగురిని పిలిచాడు. ఎంత గుంజినా బండ జానెడు లేవలేదు. పైగా వంటింటికి పోయే సందులో మనిషి వెనక మనిషే నడవాలి. ఎనిమిది మంది వచ్చినా ఒకడు ముందు, ఒకడు వెనక, అంతే.

కాశమ్మ పోయి జగదీశ్వర్‌ని పిలుచుకొచ్చింది. బాలనర్సింహకు బండ లేవకపోవడం కంటే అదే ఎక్కువ మండింది.

“ఏంది నర్సన్నా, బర్రెలు పండనీకె పోసినవా?”

“నీది నాలుగించులు లేదా? టేపు వెట్టి సూసిన గద!” నోరు జారింది.

జగదీశ్వర్ కడుపు పట్టుకుని నవ్వాడు. “అరె భాయ్, ముందటి అంచే నాలుగు! మందంగ కనవడాలని కిందికి పట్టీ లెక్క దించిన. లోపలికి చెయ్యి వెట్టి సూస్తే తెల్వకపోవునా? బండ రెండించులే. చువ్వలేస్తే వంటింటికి అదే మస్తు.”

కాశమ్మ మొగుడివైపు తిరిగింది. “టేపు వట్కొని ఆళ్లింట్లకు పోయినవా? థూ!”

బాలనర్సింహ బర్రెల వైపు చూశాడు. అవి కూడా ఇటే చూస్తున్నాయి.

“ఫికర్ చెయ్యకు. వంటింట్లనే కొత్తది పోద్దాం,” అన్నాడు జగదీశ్వర్. “అంచు ఎంత దించాలె?”

“ఐదు...”

“అంచు గించు ఏమొద్దు!” అంది కాశమ్మ. “కింద డబ్బాలు తియ్యవోతే నెత్తికి తాకుతది. రెండించుల బండ సాలు. నాకేం గావాల్నో ఒక్కపారన్న అడిగినవా?”

అడగలేదు. అడగాలని తోచనే లేదు.

కొత్త బండ మీద తొలి చాయ్ కాగిన రోజు, కాశమ్మ మొదటి గ్లాసు జగదీశ్వర్ చేతికే ఇచ్చింది. బాలనర్సింహ తన గ్లాసును దాని పక్కకు జరిపి, ఎందులో ఎక్కువుందో వంగి చూశాడు.