మొదటి పేజీలో హంతకుడు

పుత్తూరు బస్టాండు వెనక లోకేశ్వరి నడిపే అద్దె పుస్తకాల అంగడికి చీడ పట్టింది. ఏ డిటెక్టివ్ నవల తెరిచినా మొదటి పేజీలోనే హంతకుడి పేరు వంకరటింకర అక్షరాలతో రాసి ఉంటోంది. చదివేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు.

అన్ని నవలలు చదివినదాన్ని, ఈ దొంగను పట్టలేనా అనుకుంది లోకేశ్వరి. తను కాక అంగట్లో ప్రతి నవలా చదివినవాడు రిటైరైన బడి అయ్యవారు దొరస్వామి ఒక్కడే. పైగా ఆయన చెయ్యి వణుకుతుంది. ఇంకేం కావాలి?

"పేరు ముందే తెలిస్తే తుదిదాకా ఎవురు సదువుతారు సార్? ఇంక మా మెట్లెక్కొద్దు" అని నలుగురి ముందు అనేసింది. ఆయన చేతిలో పుస్తకం బల్లమీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి కొత్త నవలల కట్ట వచ్చింది. ఇంకా ఒక్కరికీ ఇవ్వలేదు. అయినా మొదటి పేజీలో పేరు ఉంది. ఆ కట్ట విప్పి, చివరి పేజీలు తిరగేస్తూ అట్టలు వేసింది ఆమె మొగుడు గుణశేఖర్. అంగడి ఎత్తేసి గదిని సెల్‌ఫోన్లవాడికి బాడుగకిద్దామని ఏడాదిగా పోరుతున్న మొగుడు.

ఆ నవల పట్టుకుని అయ్యవారింటికి పోయి గడపలో నిలబడింది. "తప్పయిపోయింది సార్. అది మా ఆయన పని."

"నాకు మొదట్నించీ తెలుసమ్మా. ఆ వంకర అక్షరాలు వాని ఎడంచేతి రాత. రెండో తరగతిలో దాన్ని కొట్టి మాన్పించింది నేనే."

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"పేరు ముందే తెలిస్తే తుదిదాకా ఎవురు సదువుతారని నువ్వే అంటివి గదా. నీ కాపరంలో ఇంకా శానా పేజీలుండాయి" అని ఆయన తలుపేసుకున్నాడు.