చప్పుడు చెయ్యని కారు

పాత పెట్రోలు కారు చేతులెత్తేసింది. మెకానిక్ బానెట్ కింద నుంచి తల బయటపెట్టి, "సార్, ఇక దీన్ని నడపడం కన్నా మోసుకెళ్లడం తేలిక," అన్నాడు. ప్రూఫుల మాస్టారు నవ్వబోయి ఊరుకున్నారు. పుస్తకాల ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దుతూ తల నెరిసిన మనిషి కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు.

కొనేది ఎలక్ట్రిక్ కారేనని కూతురు తేల్చేసింది. తేలనిదల్లా కొత్తదా, వాడినదా అన్నదే. సెలవు పెట్టి మరీ వచ్చిన ఆ పిల్లది పొద్దస్తమానం ఒకటే పాట.

"వాడిన కారంటే వాడిన బ్యాటరీ నాన్నా. ఎవరెలా చార్జింగు పెట్టారో మనకేం తెలుసు? కొత్తదైతే ఎనిమిదేళ్ల గ్యారంటీ."

"నాకెవరిస్తారే ఎనిమిదేళ్ల గ్యారంటీ?"

"మొదలెట్టావా?" అని ఆమె మూతి ముడుచుకుంది.

మాస్టారి భయం బ్యాటరీ గురించి కాదు. చప్పుడు గురించి. అది ఎవరితోనూ చెప్పుకోలేని భయం.

భార్య బతికున్న రోజుల్లో ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబు దగ్గర ఆగి, ఆమెను ఎక్కించుకుని సాయంత్రాలు ఇంటికి వచ్చేవారు. సైలెన్సర్ చిల్లుపడిన ఆ కారు దగ్గుతూ సందు తిరిగితే ముందుగదిలో కూర్చున్న అత్తగారికి తెలిసిపోయేది. ఆవిడకి చూపు దాదాపు పోయింది. చెవులే కళ్లు. భార్య పోయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం, కారు చప్పుడు విని ఆవిడ లోపల్నుంచి కేకేసింది: "అమ్మాయి వచ్చిందా?"

వయసు మీదపడితే మతి తప్పడం మామూలేననీ, అలాంటప్పుడు కాదనకూడదనీ మాస్టారు ఎక్కడో విన్నారు. గుమ్మం పట్టుకుని, "వస్తోందండీ, చెప్పులు విప్పుతోంది," అన్నారు.

ఆ రోజు నుంచి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. ఊరందరి తప్పులూ దిద్దే మనిషి ఆ ఒక్క తప్పు మాత్రం దిద్దలేదు. దిద్దబుద్ధి కాలేదు. ఆయన బాధపడతారని బంధువులూ, స్నేహితులూ భార్య ప్రస్తావన వస్తే మాట మార్చేసేవారు. ఆ ఒక్క క్షణం మాత్రం ఆమె ఆ ఇంటి గుమ్మం బయట నిలబడి చెప్పులు విప్పుతూ ఉండేది. చప్పుడు లేని కారొస్తే ఆ ప్రశ్న ఉండదు. ఆ క్షణమూ ఉండదు.

షోరూమ్‌లో కొత్త కారు నెమ్మదిగా వెళ్లేటప్పుడు, దారిన పోయేవాళ్లు తప్పుకోవడానికని, సన్నగా ఒక కూత పెట్టింది. అత్తగారి చెవి దీన్ని పట్టుకుంటుందేమోనని ఆయనకు ఆశ పుట్టింది. పళ్ల డాక్టరు అమ్ముతున్న పాత ఎలక్ట్రిక్ కారుకి ఆ కూత కూడా లేదు.

"అదే దీని గొప్ప," అన్నాడు డాక్టరు. "నేనొస్తున్నట్టు తెలిసేది కాదు కాబట్టి పేషెంట్లు పారిపోకముందే దొరికిపోయేవాళ్లు. ఇంటికి తీసుకెళ్లండి మాస్టారూ. మీ వాకిట్లో పడుతుందో లేదో, ప్లగ్గు వరకూ వైరు అందుతుందో లేదో చూసుకుని రేపు చెప్పండి."

పొద్దు వాలుతుండగా కారు సందు తిరిగింది. అరుగు మీద పడుకున్న పిల్లి కూడా కన్ను తెరవలేదు. కిటికీ పక్కగా కారు ఆపి దిగబోతుంటే లోపల్నుంచి కూతురి గొంతు వినిపించింది.

"నాకన్నీ గుర్తున్నాయి అంటున్నావు కదా అమ్మమ్మా. అమ్మ పోయిన రోజు కురిసిన వాన గురించి కూడా పొద్దున చెప్పావు. మరి నాన్నని రోజూ అలా ఎందుకడుగుతావు?"

మాస్టారి చెయ్యి కారు తలుపు మీదే ఆగిపోయింది. లోపల బఠానీలు గిన్నెలో పడుతున్న చప్పుడు.

"మొదటిసారి నిజంగానే నోరుజారానే. కునికిపాటు పడుతున్నాను, కారు చప్పుడైంది, అడిగేశాను. తర్వాత నాలుక కరుచుకున్నాను. కానీ మీ నాన్న 'చెప్పులు విప్పుతోంది' అన్నాడు చూడు, మీ అమ్మ పోయాక ఆయన నోట దాని ఊసు రావడం అదే మొదలు. గొంతులో కాస్త ప్రాణం తిరిగింది. నేనూ మానేస్తే ఇక ఈ ఇంట్లో దాని ఊసెత్తేదెవరు? నాకు మతిపోయిందనుకుంటాడు. అనుకోనీ."

"ఏడవకు అమ్మమ్మా."

"ఎవరేడుస్తున్నారు? చూడ్డం మానేసినా కారడం మానని కళ్లు ఇవి, నేనేం చెయ్యను?" బఠానీల చప్పుడు ఆగింది. "ఇప్పుడేమో చప్పుడు లేని కారట. మనిషి ఎప్పుడొచ్చేదీ ఎలా తెలుస్తుంది? వచ్చేలోపు మొహం తుడుచుకోవద్దూ?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్లీ మసకబారింది, మళ్లీ తుడిచారు. ఆ తర్వాత కారుని మెల్లగా వెనక్కి, సందు మలుపు దాకా నడిపారు. ఎంత వెనక్కి వెళ్లినా అది నోరెత్తలేదు. దాని మౌనానికి ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

మలుపు దగ్గర హారన్ కొట్టారు. కాసేపు ఆగి మళ్లీ కొట్టారు. ఒక ముసలావిడ కొంగుతో మొహం తుడుచుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, అప్పుడు ఇంటి ముందుకొచ్చారు.

"అమ్మాయి వచ్చిందా?" లోపల్నుంచి కేక.

మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. రోజూ చెప్పే జవాబు నోటిదాకా వచ్చి, ఈసారి చాలదనిపించింది.

"వస్తోందండీ. అరుగు మీద పిల్లి ఉంది కదా, దానికి బిస్కెట్ ముక్కలు వేస్తోంది. ఎంత చెప్పినా వినదు."

అత్తగారి చూపులేని కళ్లు ఆయన గొంతు వైపు తిరిగాయి. తర్వాత పెదాలు నవ్వుగా విచ్చుకున్నాయి. "చిన్నప్పట్నుంచీ అంతే బాబూ. సగం బిస్కెట్లు తనకి, సగం పిల్లులకి."

కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కొత్తదే తీసుకో నాన్నా, దానికి చప్పుడైనా ఉంటుంది," అంది చిన్నగా.

"వద్దే. అది ఎంతసేపూ దాని కూత అది కూస్తుంది. ఇది నేను పలికించినప్పుడే పలుకుతుంది. నాకిదే చాలు."

అత్తగారు బఠానీల గిన్నె పక్కన పెట్టింది. ఆవిడ ఎడమ చెంప మీద ఒక తడిచార ఆరకుండా మిగిలిపోయింది. మాస్టారు చూపు మరల్చుకున్నారు.

"హారన్ మలుపు దగ్గరే కొట్టండి బాబూ," అంది ఆవిడ. "నాకు లేచి సర్దుకోవడానికి కాస్త టైం పడుతుంది."

"రోజూ అక్కడే కొడతానండీ," అన్నారు మాస్టారు.