ఉప్పునీళ్ళని చెప్పింది నేనే

ఆ బావిలో ఉన్నవి ఉప్పునీళ్ళని చెప్పింది నేనే. చెప్పేటప్పుడు లోపలికి తొంగి కూడా చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా నీళ్ళు పరీక్ష చేసే లాబ్‌లో సీసాలు ఊపుతున్నవాణ్ణి, నాకు తొంగిచూడటం దేనికి?

సముద్రం ఒడ్డున కోట చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామని చిన్ననాటి స్నేహితులం ముగ్గురం వెళ్ళాం. ఒకడు దర్జీ, మాకు వాడు కత్తెర. ఇంకొకడు స్కూల్లో డ్రిల్లు మాస్టారు. కోట సగం కూలిపోయింది. గోడల నిండా ఎవరెవరివో ప్రేమలు బొగ్గుతో రాసి ఉన్నాయి. మూలమూలలా ఉచ్చకంపు.

"ఛీ, మన జనానికి బుద్ధి రాదురా," అన్నాడు కత్తెర, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని. మేమూ అవునన్నాం.

గాలి బాగుందని బావి గట్టు మీద కూర్చుని భోజనం కానిచ్చాం. ఎముకలు, మిగిలిన కూర, నూనె కారే కాగితాలు ఎక్కడ పారేయాలో తెలియలేదు.

"ఈ బావి ఎవరైనా వాడతారంటావా?" అన్నాడు మాస్టారు.

"సముద్రం యాభై అడుగుల్లో ఉంది. వట్టి ఉప్పు. ఎవడూ నోట పెట్టడు."

నా మాట మీద అన్నీ బావిలోకి జారాయి. కత్తెర నోరు పుక్కిలించి అందులోనే ఉమ్మాడు. నేను చేతులు కడిగిందీ అందులోకే. గిలకకు కొత్త తాడు వేలాడుతోంది. చూశాను, పట్టించుకోలేదు.

బురుజులన్నీ ఎక్కి దిగేసరికి నాలుకలు పిడచకట్టుకుపోయాయి. మా సీసాలు ఖాళీ. గేటు పక్క గదిలో కోట కాపలా ఆవిడ ఉంటే మంచినీళ్ళు అడిగాం.

"కుండలో అయిపోయాయి బాబూ. ఉండండి, తోడి తెస్తాను," అని బిందె చంకనేసుకుని వెళ్ళింది. లోపల మంచం మీద ఆవిడ అత్తగారు దగ్గుతోంది.

చెంబుతో ఇస్తే గటగటా తాగేశాం. చల్లగా, తియ్యగా ఉన్నాయి. రెండో చెంబు ఎత్తాక పెదవులకు జిడ్డు తగిలింది. ఆ వెనకే మసాలా వాసన. మా కూరదే.

"ఎక్కడివమ్మా ఈ నీళ్ళు?"

"లోపలి బావివే. చుట్టుపక్కల తీపి నీళ్ళంటే ఇదొక్కటే. మా అత్తాకోడళ్ళకి ఇదే ఆధారం."

కత్తెర గోడ పట్టుకుని భళ్ళున కక్కుకున్నాడు. నాకు వాంతి కూడా రాలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

"పదరా, బస్సుకి టైమైంది," అని మాస్టారు నా మోచెయ్యి గిల్లాడు. ఆవిడ బిందెలో చెంబు ముంచి అత్తగారి మంచం వైపు నడుస్తోంది.

"ఆగమ్మా," అన్నాను. ఎముకలు, కాగితాలు, ఉమ్మి, అన్నీ చెప్పేశాను. ఉప్పునీళ్ళనుకున్నామనీ చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. చెంబు, బిందె రెండూ గుమ్మం బయట బోర్లించింది. "మొత్తం తోడి పోస్తేగానీ కొత్త ఊట రాదు," అని బక్కెట్టు నా చేతికిచ్చింది.

ముగ్గురం వంతులవారీగా తోడాం. మా ఎముకలే బక్కెట్టులో పైకి వచ్చాయి. నానిన కాగితాలు వేళ్ళకు అంటుకుంటుంటే ఒళ్ళు జలదరించింది. ఆవిడ గట్టు పక్కన నిలబడి చూస్తోంది.

"ఉప్పని మీకెవరు చెప్పారు బాబూ?"

"నేనే అన్నానమ్మా."

"మీరేం పని చేస్తారు?"

తాడు లాగుతూనే, "బట్టలు కుడతాను," అన్నాను.

కత్తెర మూతి తుడుచుకుంటూ నా వంక చూశాడు.